గోదావరి డెల్టాలో నూరువరహాలు: నాటే చోటు నుంచి సీతాకోకలు వాలేదాకా

నూరువరహాలు మన పెరళ్లకు కొత్త మొక్క కాదు. దక్షిణ భారతం, శ్రీలంక నేలల్లో పుట్టిన పొద ఇది, కాఫీ కుటుంబానికి చెందినది. గుడి ఆవరణల్లో, పాత పెంకుటిళ్ల ముందు, బడి గోడల వెంట తరతరాలుగా ఎర్రగా పూస్తూనే ఉంది. అయినా డెల్టాలో కొత్తగా నాటిన మొక్కలను చూస్తే మనసు చివుక్కుమంటుంది. కడియం నర్సరీల్లో కొన్నప్పుడు నిగనిగలాడిన మొక్క రెండో వేసవికి చిగురు పాలిపోయి, అక్కడొక గుత్తి ఇక్కడొక గుత్తి పూస్తూ ఈడ్చుకొస్తుంది. ఇంటివాళ్లు మొక్క అమ్మినవాళ్లను తిడతారు, ఏదో మందు కొడతారు, చివరికి పీకేసి ఆ చోట క్రోటన్ పెడతారు.

ఆ మొక్కలో లోపం లేదు. నూరువరహాలకు కాస్త ఆమ్లగుణం ఉన్న, నీరు త్వరగా ఇంకిపోయే నేల ఇష్టం. గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు బలమైనదే, వరికీ కొబ్బరికీ అరటికీ సాటిలేనిదే. కానీ చాలా చోట్ల అది బంకమట్టి, పైగా క్షారగుణం వైపు మొగ్గే నేల. అందులో ఇనుము దండిగా ఉన్నా ఈ పొద వేరు దాన్ని అందుకోలేదు. దానికి వానాకాలపు ఊట, ఎండాకాలపు ఉప్పు బోరు నీరు తోడైతే మొక్క కుంగిపోతుంది. కాబట్టి ఈ మార్గదర్శిలో సగానికి పైగా మట్టి, నీటి సంగతులే ఉంటాయి. అవి కుదిరితే పూల గురించి పెద్దగా చెప్పాల్సిన పని ఉండదు.

ముందు పువ్వును దగ్గరగా చూడండి

ఒక గుత్తి నుంచి ఒక్క పువ్వును మెల్లగా లాగండి. పైన నాలుగు రేకులు, వాటి కింద సూదిలాంటి సన్నని గొట్టం చేతికి వస్తాయి. గొట్టం సుమారు 3 సెంటీమీటర్ల పొడవుంటుంది. తేనె ఉండేది దాని అడుగున. చిన్నప్పుడు ఆ కొసను నోట్లో పెట్టుకుని పీల్చని గోదావరి పిల్లలు తక్కువ. పువ్వు విచ్చకముందే మొగ్గలోపల పుప్పొడి రాలి కీలం (పువ్వు మధ్యలో ఉండే ఆడ కాడ) పైభాగానికి అంటుకుంటుంది. విచ్చాక ఆ కీలం గొట్టం బయటికి పొడుచుకొచ్చి, వచ్చిన సీతాకోక తలకూ తొండానికీ పుప్పొడి రాస్తుంది. తర్వాత దాని కొస రెండుగా చీలి, వేరే పువ్వు నుంచి వచ్చిన పుప్పొడిని అందుకుంటుంది.

ఈ నిర్మాణం వల్లే దీని తేనె అందరికీ అందదు. తేనెటీగ నాలుక గొట్టం అడుగుదాకా పోదు, అది పుప్పొడి ఏరుకుని వెళుతుంది. తేనె దక్కేది పొడవైన తొండం ఉన్న పెద్ద సీతాకోకలకు, సంధ్యవేళ తిరిగే పెద్ద చిమ్మటలకు, వంపు ముక్కు తేనెపిట్టలకు. తేనెటీగలు కూడా రావాలని మీ కోరికైతే పక్కన తులసి, దొడ్డి మూల ఒక మునగ ఉంచండి. నూరువరహాలను మాత్రం సీతాకోకల కోసమే పెంచండి.

ఏ రకం కొనాలి

కడియం, కడియపులంక నర్సరీల్లో నూరువరహాలు పేరుతో ఎన్నో రకాలు దొరుకుతాయి. కురచగా, దట్టంగా పెరిగే చిన్నాకు రకాలు అంచుల వెంట వరసగా నాటడానికి బాగుంటాయి, రంగూ బాగుంటుంది. పెద్ద పెద్ద గుత్తులతో నారింజ, గులాబి, పసుపు రంగుల సంకర రకాలూ ఉంటాయి. నేనైతే మొదటి మొక్కగా నాటు ఎర్ర రకాన్నే కొనమంటాను. నిలువెత్తు పెరుగుతుంది, పూగొట్టం పొడవుగా ఉంటుంది, మన ఎండకూ వానకూ అలవాటుపడిన జాతి. స్థలం ఉంటే రెండో మొక్కగా సువాసన ఉన్న తెల్ల రకం పెట్టండి. సాయంత్రం చీకటి పడే వేళ దాని దగ్గర చిమ్మటలు కనిపిస్తాయి.

మొక్కను ఎంచేటప్పుడు పూలను చూడకండి, చిగురును చూడండి. కొత్త ఆకులు రాగి ఛాయతో వచ్చి క్రమంగా ముదురు ఆకుపచ్చకు మారుతుంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. చిగురాకు పసుపుగా, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే వదిలేయండి. సంచి అడుగు చూడండి. వేళ్లు చుట్టలు చుట్టుకుని రంధ్రాల్లోంచి బయటికి వస్తుంటే ఆ మొక్క సంచిలో ఎక్కువ కాలం మగ్గిందన్నమాట. ఆకుల కింద, కొమ్మల కీళ్ల దగ్గర తెల్లని పిండిలాంటి పురుగు ఉందేమో వేలితో తడిమి చూడండి. అడుగున్నర ఎత్తు, మొదలు నుంచే మూడు నాలుగు కొమ్మలు ఉన్న మొక్క, ఒంటి కొమ్మతో మూడడుగులు పెరిగిన దాని కంటే మేలు.

ఇంకో సంగతి. నర్సరీల నుంచి వచ్చే మొక్కలు చాలావరకు జిగట మట్టి ముద్దతో వస్తాయి. దూరప్రయాణంలో ముద్ద చెదరకుండా ఆ మట్టి పనికొస్తుంది. అదే ముద్దను యథాతథంగా నేలలో దించితే ఎండాక గట్టిపడి వేరును బయటికి రానివ్వదు. దీన్ని ఎలా విప్పాలో నాటే దగ్గర చెబుతాను.

చోటు

రోజుకు కనీసం ఐదారు గంటల నేరు ఎండ కావాలి. కోనసీమలో ఇదే కష్టం. ఇల్లు చుట్టూ కొబ్బరి నీడ. నీడలోనూ నూరువరహాలు బతుకుతుంది, ఆకులు పెద్దవిగా, కొమ్మలు సన్నగా సాగి, పూలు మాత్రం అరకొరగా ఉంటాయి. తేనె కోసం పెంచేవాళ్లకు నీడ పనికిరాదు, సీతాకోకలు కూడా ఎండ పొడ తగిలే పువ్వునే వెతుక్కుంటాయి. అందుకే ఉదయం ఎనిమిది నుంచి మధ్యాహ్నం దాకా ఎండ పడే చోటు వెతకండి. తూర్పు, దక్షిణపు వైపులు మంచివి. పడమటి ఎండ మాత్రమే దొరికితే అదీ సరే, వేసవిలో మొదలు చుట్టూ ఎండుగడ్డి కప్పాలి.

కొబ్బరి చెట్టుకు సరిగ్గా కింద వద్దు. పడిన మట్ట ఒక్కటి చాలు, రెండేళ్ల పొదను చీల్చడానికి.

సిమెంటు గోడకు, గచ్చుకు, ప్రహరీకి కనీసం మూడడుగులు ఎడంగా నాటండి. కొత్త ఇల్లు కట్టినవాళ్లు ఇది మరీ గుర్తుంచుకోవాలి. గోడ వెంట మట్టిలో సున్నం, సిమెంటు పెళ్లలు, కంకర కలిసిపోయి ఉంటాయి. ప్రతి వానకూ వాటి నుంచి సున్నం కరిగి దిగుతూ మట్టిలో క్షారాన్ని పెంచుతుంది. గేటుకు రెండు పక్కలా నాటిన జంటలో గోడకు దగ్గరగా ఉన్న మొక్క మాత్రమే పసుపెక్కడం చాలా ఇళ్లలో చూస్తాం. కారణం ఇదే.

మీ నేల ఏ తరహాదో తెలుసుకోండి

డెల్టా అంతా ఒకే మట్టి కాదు. నది మధ్య లంకల్లో, ఏటి గట్లకు దగ్గర్లో ఇసుక కలిసిన ఒండ్రు ఉంటుంది. నూరువరహాలకు ఇది చక్కని నేల, గుల్లగా ఉంటుంది, నీరు నిలవదు. లోపలి వరిచేల మధ్య ఊళ్లలో నల్ల బంకమట్టి. వానలో కాలికి అంటుకుని వదలదు, వేసవిలో చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో ఇసుక నేలలు, వాటిలో ఉప్పుతో పాటు గవ్వల సున్నం కూడా ఉంటుంది.

రెండు చిన్న పరీక్షలు చేయండి. మొదటిది నీటి పరీక్ష. నాటదలచిన చోట అడుగున్నర లోతు గుంత తీసి నిండా నీళ్లు పోయండి. ఇంకాక మళ్లీ నింపండి. రెండోసారి పోసిన నీరు మర్నాడు ఉదయానికి కూడా గుంతలో కనిపిస్తే అక్కడ నేల మట్టానికి నాటే ఆలోచన మానుకోండి. రెండోది సున్నం పరీక్ష. ఎండిన మట్టి పొడిని గరిటెడు తీసుకుని, దాని మీద వంటింటి వెనిగర్ కొన్ని చుక్కలు వేసి చెవి దగ్గర పెట్టుకోండి. బుసబుసమని నురగ వస్తే మట్టిలో సున్నం ఉన్నట్టు. అలాంటి నేలలో గంధకం వేసి ఆమ్లగుణం తెద్దామనుకోవడం వృథా ప్రయాస, సున్నం దాన్ని మింగేస్తుంది. అక్కడ వేరే మట్టితో దిబ్బ పోయడమో, పెద్ద కుండీ పెట్టడమో మేలు. ఖచ్చితమైన లెక్క కావాలంటే భూసార పరీక్ష చేయించండి. ఉదజని సూచిక (pH) 5 నుంచి 6.5 మధ్య ఉంటే ఈ మొక్కకు హాయి. 7.5 దాటితే పసుపు ఆకులు తప్పవు.

గుంత కాదు, దిబ్బ

మన తోటపనిలో అలవాటుగా చేసే పని, లోతుగా గుంత తీసి, మంచి మట్టి నింపి, మొక్క పెట్టడం. మెట్ట నేలలో అది సరైన పద్ధతి. డెల్టా బంక నేలలో మాత్రం ఆ గుంత కుండలా నీరు పడుతుంది. చుట్టూ ఉన్న బంకమట్టి నీటిని బయటికి పోనివ్వదు, లోపలి గుల్ల మట్టిలోకే ఊటంతా దిగుతుంది. శ్రావణ భాద్రపదాల్లో వేళ్లు కుళ్లేది ఇలాగే.

బదులుగా నేలను జానెడు లోతు పలుగుతో గుల్ల చేసి, దాని మీద అడుగు నుంచి అడుగున్నర ఎత్తు, మూడు నాలుగడుగుల వెడల్పు దిబ్బ పోయండి. దిబ్బ మట్టికి నేను చెప్పే పాళ్లు ఇవి: రాజానగరం మెట్ట వైపు దొరికే ఎర్రమట్టి రెండు పాళ్లు, మీ పెరటి మట్టి ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువో వానపాముల ఎరువో ఆకు ఎరువో ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు. గుప్పెడు వేప చెక్క పొడి కలపండి. సున్నం పరీక్షలో నురగ రాని నేలైతే దిబ్బకు సుమారు 50 గ్రాముల గంధకం పొడి కలిపి, నెల రోజులు తడుపుతూ ఉంచి, తర్వాత నాటండి. గంధకం మట్టిలోని సూక్ష్మజీవుల వల్ల మెల్లగా మారి పనిచేస్తుంది. తొందరపడి ఎక్కువ వేసినా ఫలితం త్వరగా రాదు.

కొబ్బరి పొట్టు కోనసీమలో కుప్పలు కుప్పలుగా దొరుకుతుంది. అయితే పచ్చి పొట్టులో ఉప్పు ఉంటుంది. గోనె సంచిలో వేసి మంచినీళ్లలో రాత్రంతా నానబెట్టి, పిండి, ఇలా రెండు మూడు సార్లు చేశాకే వాడండి. ఏడాది పాటు వానలో తడిసి నల్లబడిన పాత పొట్టైతే ఇంకా మంచిది. ఇసుక కలపాలంటే గోదావరి ఇసుకే, సముద్రపు ఇసుక ఎంత కడిగినా వద్దు.

పొయ్యి బూడిద, ఊక బూడిద, గుడ్డు పెంకులు, ముగ్గుపిండి, వక్కాకులో మిగిలిన సున్నం ఈ దిబ్బ దరిదాపులకు రానివ్వకండి. కొన్ని మొక్కలకు ఇవి మేలు చేస్తాయన్న మాట నిజమే. ఇవన్నీ క్షారాన్ని పెంచుతాయి కాబట్టి నూరువరహాలకు హాని.

నాటడం

తొలకరి పడి నేల చల్లబడ్డాక, జూన్ చివరి నుంచి ఆగస్టు మొదటి వారందాకా మంచి అదను. అది తప్పితే ఫిబ్రవరి. అక్టోబరు, నవంబరు నెలలు తుఫానుల కాలం. అప్పుడు నాటిన లేత మొక్క వేరు పట్టకముందే గాలికి ఊగి వదులైపోతుంది.

నాటే ముందు సంచితో సహా మొక్కను బకెట్ నీళ్లలో గంటసేపు ఉంచండి. బుడగలు రావడం ఆగాక తీసి, సంచి కోసి, జిగట ముద్దను రెండు చేతులతో పట్టుకుని మెత్తబడిన పైపొరను వేళ్లతో దువ్వినట్టుగా రాల్చండి. మొత్తం మట్టి తీసేయకండి, మూడో వంతు చాలు. అడుగున చుట్టుకున్న వేళ్లను విప్పండి, విప్పలేనివాటిని పదునైన కత్తితో కోసేయండి. దిబ్బ మధ్యలో ముద్ద పట్టేంత చోటు చేసి, సంచిలో ఉన్నప్పటి మట్టానికే నాటండి. మొదలును లోతుగా పాతితే బెరడు కుళ్లుతుంది. చేత్తో అదిమి, నీళ్లు పోసి, మొదలుకు నాలుగు వేళ్ల ఎడం విడిచి చుట్టూ ఎండుగడ్డి గానీ ఎండుటాకులు గానీ కప్పండి.

విడి పొదలకు నాలుగడుగుల ఎడం, కంచెలా వరసగా కావాలంటే రెండడుగులు. నాలుగైదు మొక్కలను ఒకే చోట గుంపుగా నాటితే సీతాకోకలు దూరం నుంచే గుర్తిస్తాయి. పెరట్లో తలో మూల ఒకటి పెట్టడం కంటే ఇది మంచి పద్ధతి.

మేడ మీద పెంచేవాళ్లు 14 అంగుళాల కుండీ తీసుకుని ఇదే మిశ్రమం వాడండి, పెరటి మట్టి మాత్రం వద్దు. అడుగు రంధ్రాలు మూసుకుపోకుండా చూసుకోండి. రెండేళ్లకోసారి మట్టి మార్చాలి.

నీరు: కాలువ ఉన్నప్పుడు, లేనప్పుడు

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి డెల్టా కాలచక్రం కాలువల చుట్టూ తిరుగుతోంది. మన మొక్కల ఆరోగ్యమూ అంతే. కాలువ నీరు, చెరువు నీరు, వాన నీరు నూరువరహాలకు పడతాయి. వేసవిలో కాలువలు కట్టేశాక ఇళ్లలో బోరు నీటికి దిగుతారు. సముద్రం వైపు పోయేకొద్దీ, చేపల, రొయ్యల చెరువులు దగ్గరయ్యేకొద్దీ ఆ నీటిలో ఉప్పు పెరుగుతుంది. కుండీ అంచున, దిబ్బ మీద తెల్లని పొర కడుతుంటే, ఆకుల కొసలు గోధుమ రంగుకు మాడుతుంటే ఉప్పు వల్లేనని అర్థం చేసుకోండి.

అప్పుడేం చేయాలి? మార్చి లోపే దిబ్బ మీద గడ్డి కప్పు మందంగా వేసి నీటి అవసరాన్ని తగ్గించండి. ఇంట్లో ఏసీ ఉంటే దాని గొట్టంలోంచి కారే నీరు లవణాలు లేని మెత్తని నీరు, బకెట్ పెట్టి పట్టి ఈ మొక్కకు పోయండి. మంచినీటి శుద్ధి యంత్రం బయటికి వదిలే నీరు మాత్రం పోయకండి, శుద్ధిలో విడిపోయిన లవణాలన్నీ అందులోనే చేరతాయి. బియ్యం కడిగిన నీరు ఫర్వాలేదు. ఉప్పు నీరు పోయక తప్పకపోతే రోజూ కాసిని చిలకరించడం మాని, మూడు నాలుగు రోజులకోసారి దండిగా పోయండి. కాసిని పోస్తే ఉప్పు వేళ్ల దగ్గరే పేరుకుంటుంది, దండిగా పోస్తే దిబ్బ దాటి కిందికి దిగిపోతుంది. దిబ్బ ఎత్తుగా ఉన్నందుకు లాభం ఇక్కడా కనబడుతుంది.

ఎంత తరచుగా? మట్టిలోకి వేలు రెండు కణుపుల లోతు దించండి. తడి తగలకపోతే పోయండి. నాటిన మొదటి ఏడు వేసవిలో రెండు రోజులకోసారి, ముదిరిన పొదకు వారానికి రెండుసార్లు సరిపోతాయి. వానాకాలంలో మీ పని నీళ్లు పోయడం కాదు, దిబ్బ చుట్టూ నిలిచిన నీరు బోదెలోకి పోయేలా దారి తీయడం.

పసుపు ఆకు: ఏ ఆకు అన్నదే ప్రశ్న

ఆకు పసుపెక్కిందనగానే యూరియా వేసేవాళ్లు ఎక్కువ. ముందు ఏ ఆకు పసుపెక్కిందో చూడండి. కొమ్మ కొసన లేత ఆకులు పసుపుగా, కొన్నిసార్లు దాదాపు తెల్లగా మారి, ఈనెలు మాత్రం సన్నని ఆకుపచ్చ వలలా మిగిలితే ఇనుము అందడం లేదు. కింది ముదురు ఆకులు మొత్తంగా పాలిపోతే నత్రజని. ముదురు ఆకుల్లో ఈనెల మధ్య పసుపు వస్తే మెగ్నీషియం. ముదురు ఆకుల మీద ఊదా, గోధుమ రంగు మచ్చలు చెదురుమదురుగా వస్తే తెగులనుకుని మందు కొట్టకండి, ఈ మొక్కలో అది తరచుగా పొటాష్ లోపం.

డెల్టాలో పదింట తొమ్మిది సార్లు ఇనుమే సమస్య. దానికి రైతులకు తెలిసిన మందే చాలు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, సాయంత్రం చల్లబడ్డాక లేత ఆకులు రెండు వైపులా తడిసేలా పిచికారీ చేయండి. వారం, పది రోజుల ఎడంతో మూడు సార్లు. ద్రావణం అప్పటికప్పుడు కలపాలి. లేత పచ్చ ఛాయలో ఉంటే మంచిది, తుప్పు రంగు తిరిగితే పారబోయండి, ఇక పనిచేయదు. గోడ మీద, గచ్చు మీద పడితే మరకలు పోవు, పాత బట్టలు కట్టుకుని కొట్టండి. విచ్చిన పూల మీద పడనివ్వకండి. పసుపెక్కిన పాత ఆకు పూర్తిగా తేరుకోకపోవచ్చు, మూడు వారాల్లో వచ్చే కొత్త చిగురును బట్టి ఫలితం లెక్కించండి.

పిచికారీ తాత్కాలికం. వేరు ద్వారా అందించాలంటే అన్నభేదిని మట్టిలో వేసి లాభం లేదు, క్షార నేలలో వెంటనే గడ్డకట్టి మొక్కకు అందని రూపానికి మారిపోతుంది. మట్టిలో గడ్డకట్టకుండా మరో పదార్థంతో పట్టి ఉంచిన ఇనుము, అంటే చీలేటెడ్ ఇనుము కావాలి. అందులోనూ ఈడీటీఏ రకం ఆకు మీద పిచికారీకే మంచిది, క్షార మట్టిలో నిలవదు. మట్టిలో పోయడానికి ఈడీడీహెచ్ఏ రకం అడిగి కొనండి. ఖరీదు ఎక్కువే, కానీ మోతాదు చాలా కొద్ది, సీసా మీద రాసినంతే వాడండి. అసలు విరుగుడు మాత్రం దిబ్బలో ఏటా చేర్చే ఆకు ఎరువే. అది మాగుతున్నకొద్దీ వేళ్ల చుట్టూ ఆమ్లగుణం నిలబడుతుంది.

ఎరువులు

జూన్‌లో, సెప్టెంబరులో, ఫిబ్రవరిలో మొక్కకు రెండు మూడు గుప్పెళ్ల వానపాముల ఎరువు, గుప్పెడు వేరుశనగ చెక్క పొడి వేసి మట్టిలో కలపండి. పచ్చి పేడ వద్దు. రసాయన ఎరువు వేయాలనుకుంటే అమ్మోనియం సల్ఫేట్ ఎంచుకోండి, నత్రజనితో పాటు మట్టి ఆమ్లగుణాన్నీ పెంచుతుంది. ముదిరిన పొదకు నెలకు ఒక చెంచా, తడి మట్టి మీద, మొదలుకు దూరంగా. డీఏపీ, సూపర్ ఫాస్ఫేట్ పదే పదే వేయకండి, భాస్వరం ఎక్కువైతే ఇనుము ఇంకా అందదు. పొటాష్ మచ్చలు కనిపిస్తే లీటరుకు 5 గ్రాముల సల్ఫేట్ ఆఫ్ పొటాష్ పిచికారీ చేయండి. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వద్దు, దానిలోని క్లోరైడ్ మన ఉప్పు నేలకు అదనపు భారం.

కత్తిరింపు

నూరువరహాలు కొత్త కొమ్మ కొసన పూస్తుంది. నెలనెలా పెద్ద కత్తెరతో చదరంగా, గుండ్రంగా కత్తిరించే ఇళ్లలో పూలు ఉండకపోవడానికి కారణం అదే. రాబోయే గుత్తినే కోసి పారేస్తున్నారు. పొదను దాని రూపానికి వదిలేయండి. శివరాత్రికి చలి వెళ్లాక, ఫిబ్రవరి చివరలో ఒకసారి ఎత్తులో మూడో వంతు తగ్గించి, లోపల ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు, ఎండు పుల్లలు తీసేయండి. ఆ తర్వాత ఏడాది పొడవునా వాడిన గుత్తిని మాత్రం దాని కింది ఆకుల జత పైన తుంచండి. ఆ జత కణుపు నుంచి రెండు కొమ్మలు వస్తాయి, రెండూ పూస్తాయి.

పూజకు పూలు కోసుకోవాలి కదా అంటే, కోసుకోండి. పొదకు ఒక వైపు దేవుడికి, మిగతా వైపు సీతాకోకలకు అని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. ఒక గుత్తిలో పూలన్నీ ఒకేసారి విచ్చవు, వారాల తరబడి కొత్తవి విచ్చుతూ తేనె ఇస్తూనే ఉంటాయి. నిండు గుత్తిని కోయడమంటే ఆ తేనె అంతా కోసేయడమే. కొన్ని గుత్తులను కాయకూ వదిలితే నల్లని ఊదా రంగు పళ్లు వస్తాయి, పిట్టలు తింటాయి.

పురుగులు, మందులు

పిండినల్లి, పొలుసు పురుగు, పేనుబంక ఈ మూడూ చిగురు రసం పీలుస్తాయి. అవి వదిలే జిగురు మీద నల్లని మసి పేరుకుంటుంది, ఆ జిగురు కోసం చీమలు బారులు తీరుతాయి. ఆకు నల్లబడిందంటే మసిని కాదు, పైకొమ్మలో పురుగును వెతకండి. గొట్టంతో నీళ్లు గట్టిగా కొట్టి రాల్చడం మొదటి పని. రెండోది, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త మెత్తని సబ్బు ద్రావణం కలిపి, సీతాకోకలు వెళ్లిపోయిన సాయంత్రం వేళ, పురుగు ఉన్న కొమ్మలకే కొట్టడం. బాగా పట్టిన కొమ్మను కోసి కాల్చేయండి. రెండాకులను కుట్టి గూడు కట్టిన ఎర్రచీమలు కనిపిస్తే కత్తిరించే రోజు జాగ్రత్త, కుడితే మంట.

మొక్క లోపలికంతా పాకే అంతర్వాహిక మందులు ఈ పొదకు వాడకండి. అవి తేనెలోకీ చేరతాయి. సీతాకోకలను రమ్మని నాటిన మొక్కలో విషం పెట్టినట్టవుతుంది. మీ పిల్లలు ఆ పువ్వును నోట్లో పెట్టుకుంటారన్నదీ మరవకండి.

సీతాకోకలు వచ్చి ఉండిపోవాలంటే

తేనె ఉంటే సీతాకోక వస్తుంది, గుడ్లు పెట్టే మొక్క ఉంటే ఉండిపోతుంది. మన పెరటి కరివేపాకు, నిమ్మ చెట్ల మీద పక్షి రెట్టలాంటి గొంగళి పురుగులు, తర్వాత ఆకుపచ్చగా మారేవి, కామన్ మార్మన్, నిమ్మ సీతాకోకల పిల్లలు. వాటిని నలిపేసి నూరువరహాల దగ్గర సీతాకోకల కోసం ఎదురుచూడటంలో అర్థం లేదు. రెండు కొమ్మల కరివేపాకు వాటికి వదిలేయండి, చెట్టు మళ్లీ చిగురిస్తుంది.

క్రిమ్సన్ రోజ్ అనే నల్లని పెద్ద సీతాకోక పిల్లలు ఈశ్వరి తీగ, గాడిదగడపాకు తింటాయి. గాడిదగడపాకు చేల గట్ల మీద కలుపుగా మొలుస్తుంది. అది విషపు మొక్క, పిల్లలకూ పశువులకూ అందకుండా ఒక మూల ఉండనివ్వండి. ఆ విషమే గొంగళి ఒంట్లో చేరి, సీతాకోక అయ్యాక కూడా పక్షుల నుంచి కాపాడుతుంది. ఇక్కడ ఒక వింత చూడవచ్చు. కామన్ మార్మన్ ఆడ సీతాకోకల్లో కొన్ని అచ్చం క్రిమ్సన్ రోజ్ వేషం వేస్తాయి: అవే నల్ల రెక్కలు, అవే తెల్ల పట్టీలు, అవే ఎర్ర మచ్చలు. నూరువరహాల గుత్తి మీద వాలినప్పుడు ఒళ్లు చూడండి. ఒళ్లు ఎర్రగా ఉంటే అసలు క్రిమ్సన్ రోజ్, నల్లగా ఉంటే వేషధారి. ఇవి తేనె తాగేటప్పుడు కూడా రెక్కలు ఆడిస్తూనే ఉంటాయి కాబట్టి కాస్త ఓపిగ్గా నిలబడాలి. ఉదయం తొమ్మిది, పదకొండు గంటల మధ్య ఎండ కాస్తే ఆ అవకాశం ఎక్కువ.

కొత్త మొక్కలు చేసుకోవడం

జూలై, ఆగస్టుల్లో, మరీ లేతా మరీ ముదురూ కాని, పూత లేని కొమ్మను జానెడు పొడవున, కణుపు కింద ఏటవాలుగా కోయండి. పై రెండాకులను సగానికి కత్తిరించి మిగతావి తీసేయండి. కింది కొసను వేళ్ల హార్మోను పొడిలో ముంచి, కడిగిన పొట్టు, ఇసుక సమపాళ్లలో నింపిన సంచిలో గుచ్చి, నీడలో, పైన ప్లాస్టిక్ సంచి బోర్లించి ఉంచండి. ఆరు నుంచి ఎనిమిది వారాలకు వేళ్లు వస్తాయి. అన్నీ రావు, పది గుచ్చి సగం వస్తే సంతోషించండి. గాలి అంటు (కొమ్మ చెట్టు మీద ఉండగానే దానికి వేళ్లు తెప్పించడం) కడితే ఇంకా నమ్మకంగా వస్తుంది, కాకపోతే ఒక్కో కొమ్మకు ఒక్కో మొక్కే.

తుఫాను, వరద తర్వాత

1996 నవంబరు 6 నాటి తుఫాను కోనసీమలో కొబ్బరిని ఎలా కూల్చిందో చూసినవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. గుబురు పొద గాలికి అంత లొంగదు. దానికి ప్రమాదం ఉప్పు గాలి వల్ల. తుఫాను వెలిసిన రోజే ఆకులను మంచినీటితో బాగా కడిగేయండి. రెండు రోజులు ఆలస్యమైతే ఆకు అంచులు మాడిపోతాయి. మొక్క ఒరిగితే వెంటనే నిలబెట్టి, మొదలు దగ్గర మట్టి అదిమి, మెత్తని తాడుతో వదులుగా ఊతకర్రకు కట్టండి. విరిగిన కొమ్మలను కణుపు దాకా కోయండి, ఎరువు మాత్రం కొత్త చిగురు కనిపించేదాకా వేయకండి.

లంకల్లో వరద నీరు ఎక్కి దిగితే మొదలు చుట్టూ మందంగా ఒండ్రు పేరుకుంటుంది. పైరుకు అది బలమే కానీ ఈ పొద మొదలుకు ఊపిరి ఆడదు. తడి ఆరకముందే పాత మట్టం కనిపించేదాకా చేత్తో తోడేసి, ఆకుల మీది బురద కడిగి, దిబ్బను పైపైన గుల్ల చేయండి. ఆకులన్నీ రాలినా తొందరపడి పీకేయకండి. కొమ్మను గోటితో గీకి చూడండి, బెరడు కింద పచ్చగా ఉంటే సంక్రాంతి లోపు చిగురు వస్తుంది.